ఆటో ఎక్కని వాకిలి

ఆ రోజుల్లో ఇల్లు కట్టడమంటే గోడలు లేపి పైన స్లాబు వేయడమే. గేటుకూ గడపకూ నడుమ ఉన్న జాగా గురించి ఎవరూ తల బద్దలు కొట్టుకునేవాళ్లు కాదు. అది మట్టి, మట్టిగానే ఉంటుంది, కోళ్లు గీరుకుంటాయి, ఎండాకాలం మంచాలు వాల్చుకుంటాం, అంతటితో సరి. ఇప్పుడు మా గల్లీలో ఇల్లు మొదలుపెట్టే పిల్లలు పునాది తవ్వకముందే ఫోనులో వాకిలి బొమ్మలు చూస్తున్నారు. తేనెపట్టులా ఒక రకం, చేప పొలుసులా ఇంకో రకం. నా దగ్గరికి తెచ్చి ఏది బాగుందో చెప్పమంటారు. చెప్తాను. నేను చెప్పింది తప్ప మిగతావన్నీ ఆలోచిస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఆ వయసులో నేనూ అంతే. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక. మహిళా సంఘంలో వేలిముద్ర వేయడానికి నామోషీ అయి సంతకం నేర్చుకోబోయాను, తర్వాత ఆగలేకపోయాను. కాబట్టి సొగసుగా రాయడం రాదు. మా వాకిలి కథ జరిగింది జరిగినట్టు రాస్తాను. నవ్వొస్తే నవ్వుకోండి, నేనేమీ అనుకోను. అప్పుడు నవ్వినవాళ్లను మాత్రం బాగానే అన్నాను.

మా ఆయన ఆటో నడిపేవాడు. పొద్దున బడి పిల్లలను తీసుకుపోయి దింపడం, మధ్యాహ్నం రైల్వే స్టేషను దగ్గర నిలబడడం, సాయంత్రం మళ్లీ పిల్లలను ఇళ్లకు చేర్చడం. స్టేషను కిరాయి ఒకరోజు ఉంటుంది, ఒకరోజు ఉండదు. బడి పిల్లల కిరాయి మాత్రం నెల నెలా వచ్చేది. ఆ డబ్బులతోనే మా ఇంట్లో బియ్యం, పప్పు. నేను ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని, దాంతో కూరగాయలు వెళ్లేవి. మా అత్త నెక్కొండ దిక్కు పల్లె నుంచి మాతోనే వచ్చేసింది, తన చాట, తన రోకలి, తన మాట మూడూ వెంట తెచ్చుకుని. మాట ముందు, మనిషి వెనక వచ్చే రకం. నేనూ అదే రకం కాబట్టి మా ఇద్దరికీ బాగానే కుదిరింది. మధ్యలో మా ఆయన తక్కువ మాట్లాడేవాడు. (ఇద్దరు ఆడవాళ్లున్న ఇంట్లో మగవాడు మాట్లాడడానికి సందు ఎక్కడిది అని మా బావ అనేవాడు. మా ఆయన పెళ్లికి ముందు కూడా అంతేనట, అది అత్తే చెప్పింది.)

ఊరి చివర మేము జాగా కొన్నది అగ్గువకు, తక్కువ ధరకు దొరికిందని. ఎందుకు అగ్గువో కట్టాక తెలిసింది. రోడ్డు ఎత్తులో ఉంది, మా జాగా పల్లంలో ఉంది. ఇంటి పునాదైతే మెట్టుగానే లేపాం, కానీ గడప దిగినప్పటి నుంచి గేటు దాకా ఎదురు ఎక్కుడే. ఎర్రమట్టి. మొదటి వానాకాలం ఆటో ఆ మట్టిలో చక్రాలు సగం దాకా దిగబడి పందిలా పొర్లింది. గేటు అవతల, కిరాణం సేటు దుకాణం ముందు పెడదామంటే ఒకసారి స్టెప్నీ పోయింది, ఇంకోసారి వెనక సీటే పోయింది. (సీటు ఎత్తుకుపోయినవాడు దాని మీద కూర్చుని ఏం చేశాడో ఇప్పటికీ నాకు అంతుబట్టదు.) లోపల పెడితే బయటికి రాదు, బయట పెడితే మిగలదు. అట్లా ఆ ఏడాది మా ఆయన పిల్లల దగ్గరికి ఆలస్యంగా పోయిన రోజులు చాలా ఉన్నాయి. మా గల్లీ మలుపులో ఒక టీచరమ్మ ఉండేది. ఆమె పిల్లలనే మొదట ఎక్కించుకోవాలి. ఆమె తన పిల్లలను ఆటో ఎక్కించి, ఆ తర్వాత తన బడికి బస్సు పట్టుకోవాలి. ఆటో ఆలస్యమైతే ఆమెకు బస్సు పోతుంది. మిగతా పిల్లల తల్లులు కూడా ఆమెను చూసి మా ఆటోకు ఒప్పుకున్నవాళ్లే. ఆమె మానేస్తే అందరూ మానేస్తారు. ఎండాకాలం సెలవులు ఇచ్చేటప్పుడే ఆమె మా ఆయనతో, వచ్చే ఏడు టైముకు వస్తానంటేనే మాట్లాడుకుందాం అని చెప్పి పంపింది. అంటే బడులు తెరిచేలోపు వాకిలి బాగుపడాలి. లేకుంటే బియ్యం పప్పు సంగతి దేవుడెరుగు.

ఇంటి పని ముగిసేసరికి చేతులు ఖాళీ అయి ఉన్నాయి కాబట్టి, ఉన్నంతలో ఏం వేస్తే బాగుంటుందని అందరినీ అడిగాం. అడగడమే పొరపాటు. మా పెద్దబావ మరిపెడ నుంచి వచ్చి వాకిలి ఈ కొన నుంచి ఆ కొనకు నడిచి, మొరం కంకర పోయించి దిమ్మిస కొట్టించమన్నాడు. వాళ్ల ఊళ్లో కల్లం దాకా మొరమే పోశారట, లారీలు పోతున్నాయట. మొరం వాన నీళ్లకు కొట్టుకుపోయి మా గడప ముందే కుప్ప పడుతుంది కదా అంటే, కుప్ప పడితే మళ్లీ ఎత్తి పోయాలి, పనిపాట లేనట్టు కూర్చుంటారా అన్నాడు. కిరాణం సేటు తన దుకాణం ముందున్న షాబాదు బండలను చూపించి అవే వేయమన్నాడు. ఆ బండలు సగం పలిగి ఉన్నాయి. బస్తాలు దించితేనే పలిగినవి ఆటో కింద ఏమవుతాయని నేనంటే, సేటు రెండు రోజులు మాకు ఉద్దెరకు సామాను ఇవ్వలేదు. ఇల్లు కట్టిన మేస్త్రి సీసీ వేయమన్నాడు, దానికంటే గట్టిది లేదన్నాడు. నిజమే, కానీ దానికి సిమెంటు కావాలి, సిమెంటుకు డబ్బులు కావాలి కదా. అత్త ఒక్కటే మాట మీద ఉంది. మట్టి అట్లనే ఉంచాలి. మట్టి మీద చల్లినట్టు పేడనీళ్ల సాన్పి ఇంకెక్కడ చల్లుతాం, మట్టి మీద నిలబడినట్టు ముగ్గు ఇంకెక్కడ నిలబడుతుంది అని. మా ఆయన అందరి మాటలూ విని "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అంటే కళ్లు మూసుకున్నట్టే లెక్క.

నా మనసులో మాత్రం వేరేది ఉంది. హన్మకొండలో ఒక వకీలు గారి భార్యకు జాకెట్లు కుట్టేదాన్ని. ఇవ్వడానికి పోయినప్పుడల్లా వాళ్ల గేటు నుంచి ఇంటి దాకా నల్లటి గ్రానైటు, నూనె రాసినట్టు మెరుస్తూ ఉండేది. ఆ నల్లటి రాతి మీద పనిమనిషి వేసిన ముగ్గు చూస్తే, తెల్లటి ముగ్గు కూడా ఇంత తెల్లగా ఉంటుందా అనిపించేది. నేను వేసే ముగ్గు ముందు అది ముగ్గే కాదు, చుక్కలు కూడా వరస తప్పేవి. నా చేతి ముగ్గు అట్లాంటి రాతి మీద పడితే ఊరంతా నిలబడి చూడదా అని ఆలోచన. నలుగురు నిలబడి చూసేటట్టు బతకాలని ఆ వయసులో నాకు ఉండేది, దాచడమెందుకు. అప్పుడే ఎవరో చెప్పారు, ఊరవతల గ్రానైటు కోసే ఫ్యాక్టరీలో అంచు ముక్కలు, పలిగిన ముక్కలు పక్కన కుప్ప పోస్తారని, ట్రాక్టరు తెచ్చుకుని ఎత్తుకుపోయేవాళ్లకు మొరం కంటే కొంచెం ఎక్కువకు ఇచ్చేస్తారని. ఆ రోజు నేను కుట్టిన జాకెట్టుకు ఒక చెయ్యి తిరగేసి కుట్టాను.

మా ఆయనను ఆటోలో కూర్చోబెట్టి (నిజానికి ఆయనే నన్ను కూర్చోబెట్టాలి, కానీ ఆ రోజు తీసుకుపోయింది నేనే) ఫ్యాక్టరీకి పోయాం. కుప్పలు కుప్పలు. మందంగా, ఒక పక్క గరుకుగా, ఇంకో పక్క అద్దంలా. నేను ఒక్కొక్క ముక్కా తిరగేసి మెరుపున్నవి ఏరుతున్నాను, మెరుపు లేనివి పక్కకు తోస్తున్నాను. మా ఆయన మెరుపు లేనివాటి దగ్గర నిలబడి, ఇవి ఇంకా అగ్గువట కదా అన్నాడు. నేను ఇంకో మెరుపు ముక్క తిరగేశాను. అక్కడ లెక్కలు రాసే మున్షీ చేతిలో చాయ గ్లాసు పట్టుకుని కాసేపు చూసి అడిగాడు.

"అమ్మా, ఇంట్ల గచ్చుకా, వంటగట్టుకా?"

"వాకిట్లకు. ఆటో పోవుడుకు."

ఆయన చాయ తాగడం ఆపి, అట్లయితే నున్నటి దిక్కు కిందికి వేస్తారు కదా అన్నాడు. నాకు ఆ మాటకు ఒళ్లు మండింది.

"నువ్వు చీర కొనిస్తే మీ ఇంటామె జరీ లోపలికి వెట్టుకుంటదా అన్నా?"

మున్షీ మళ్లీ చాయ తాగడంలో పడ్డాడు. మా ఆయన తల వంచుకుని ఆటో చక్రాన్ని చూశాడు. అప్పుడది సిగ్గనుకున్నాను, ఆలోచన అని తెలియలేదు.

మేస్త్రి వచ్చి మట్టి మీద రాతి పొడి పోసి, సాపు చేసి, ముక్కలు పేర్చాడు. పెద్దది పక్కన చిన్నది, నల్లది పక్కన ఎర్రది, నేను చెప్పినట్టే. సందుల్లో సిమెంటు తర్వాత నింపుతానని ఇంకో ఇంటి పనికి పోయాడు. (మేస్త్రి తర్వాత అన్నాడంటే ఆ తర్వాత ఎప్పుడో ఆయనకూ తెలియదు.) బండలు కుదురుకునేదాకా బండి ఎక్కించవద్దని చెప్పాడు కాబట్టి ఆటో సేటు దుకాణం ముందే ఉంది, దాన్ని కాపాడడానికి మా ఆయన అందులోనే పడుకున్నాడు. కొత్త సీటు పోతుందని భయం. ఆ రోజుల్లో నేను ప్రతి పొద్దూ సాన్పి చల్లి, ఆ నల్లటి రాతి మీద ముగ్గేస్తుంటే గల్లీ ఆడవాళ్లు నీళ్ల బిందెలు చంకన పెట్టుకుని గేటు దగ్గర ఆగేవాళ్లు. నేను తల ఎత్తకుండా చుక్కలు కలిపేదాన్ని, ఎవరొచ్చారో మాత్రం కాళ్ల పట్టీలను బట్టి లెక్క పెట్టుకునేదాన్ని. ఒకటి రెండుసార్లు నా కాలు జారింది. చెప్పులు అరిగిపోయాయి అనుకున్నాను. అత్త మాత్రం వేళ్లు నేలకు నొక్కి కోడిలా నడిచేది. ఏందత్తా అట్ల నడుస్తున్నావంటే, నీ అద్దం మీద ఇంకెట్ల నడవాలె అనేది.

బడులు తెరిచే ముందురోజు సాయంత్రం ఆటో లోపలికి తెచ్చాం. పొడి రాయి మీద అది పెళ్లికొడుకు గుర్రంలా మెల్లగా దిగి, మొహం గేటు వైపు తిప్పుకుని గడప ముందు నిలబడింది. నేను సేటు వైపు ఒక చూపు చూశాను. సేటు తన పలిగిన బండల వైపు చూసుకున్నాడు.

మరునాడు మంచి రోజు కదా, బడి మొదటి దినం. సాన్పి పలుచగా చల్లితే బాగుండదని పేడ దండిగా కలిపాను. అత్త వచ్చి బకెట్లో చూసి, గింతేనా అని ఇంకో ముద్ద వేసింది. గేటు నుంచి గడప దాకా చిక్కగా చల్లి, పెద్ద ముగ్గు వేశాను. మా ఆయన ఆటోకు దండ వేసి, నిమ్మకాయ తొక్కించి, ఎక్కి కూర్చున్నాడు. ఆటో ముందుకు పోయింది. నాలుగు మూరలు ఎక్కింది. తర్వాత వెనక చక్రాలు అక్కడే తిరగడం మొదలుపెట్టాయి, ఆటో నిలబడింది, ఆలోచించింది, మెల్లగా వెనక్కి జారి గడప ముందుకు వచ్చేసింది. ఆయన మళ్లీ ఎక్కించాడు. మళ్లీ వచ్చింది. చప్పుడు పెరుగుతోంది, పొగ పెరుగుతోంది, ఆటో మాత్రం అత్తగారింటికి పోనని మొండికేసిన కొత్తకోడలిలా గడప విడవడం లేదు. నేను, ఏందయ్యా పోవేంది అని అరిచాను. ఆయన ముందుకే చూస్తూ నెమ్మదిగా అన్నాడు.

"నేను పోతనే ఉన్న. ఇల్లే నన్ను ఇడుస్తలేదు."

నేను కొంగు నడుముకు చెక్కి వెనక నుంచి నెట్టాను. నెట్టిన మరుక్షణం నా కాళ్లు ఎటు పోయాయో నాకు తెలియదు, పేడనీళ్ల మధ్య, నా ముగ్గు నడుమ, పద్మం వేసిన చోటనే కూర్చుని ఉన్నాను. అత్త గడప మీద నుంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అడ్డం పెట్టుకుంటే నవ్వు ఆగుతుందా, భుజాలు ఊగుతున్నాయి. పాలాయన సైకిలు ఆపి వచ్చాడు. సేటు తన పాత కక్ష మరిచి గోనెసంచులు పట్టుకుని వచ్చాడు, చక్రాల కింద వేస్తే పట్టు దొరుకుతుందని. ఆలోచన మంచిదే. కానీ చక్రం తిరిగిన వేగానికి సంచి కింద నుంచి లేచి సేటు ఒంటికి చుట్టుకుంది. ఆయన అప్పుడే స్నానం చేసి తెల్ల ధోవతి కట్టుకుని దుకాణం తెరిచిన మనిషి. ఆ ధోవతి తర్వాత ఏ రంగులో ఉందో చెప్పను. చివరికి ముగ్గురం నెట్టగా, అత్త గడప మీద నుంచి "ఎత్తుండ్రి, ఎత్తుండ్రి" అనగా, ఆటో గేటు దాటింది. నా ముగ్గులో మిగిలింది ఒక మూల రెండు చుక్కలు.

మధ్యాహ్నం ఆయన తిండికి వచ్చినప్పుడు పళ్లెం ముందు కూర్చుని అన్నం కలుపుతూ టీచరమ్మ మాట చెప్పాడు. ఆమె కోపంగా కూడా అనలేదట, దానికే ఆయనకు ఎక్కువ భయమేసింది.

"అన్నా, నేను గూడ బడికి పోవాలె గదా. పోయినేడు బురద అన్నరు, ఊకున్న. ఇప్పుడు బండలు ఏస్కున్నరు. రేపు గూడ లేటైతే నన్నేమనుకోకండ్రి, వేరే ఆటో మాట్లాడుకుంట."

రేపు అంటే రేపే. మా ఆయన తిన్నాక చేయి కడుక్కుని, రేపు నేను ముందు ఆటో బయటికి తీస్తాను, ఆ తర్వాత మీరు సాన్పి చల్లుకోండి, పొడి మీద ఎక్కుతుంది అన్నాడు. సబబైన మాటే. ఇప్పుడైతే నేను కూడా సరే అంటానేమో. కానీ మా అత్త పళ్లెం పక్కకు జరిపింది. సాన్పి లేని వాకిలి ఎవరి ఇంటి ముందు ఉంటుంది? ఎవరైనా పోయిన ఇంటి ముందే కదా. పొద్దున లేచి ఊడ్చి సాన్పి చల్లి ముగ్గు వేశాకే ఆ ఇంట్లోంచి కాలు బయట పెడతారు, మా అమ్మా అంతే, మా అత్తా అంతే అని మొదలుపెట్టింది.

"సాన్పి సల్లని వాకిట్లకెళ్లి బండి ఎల్లగొట్టుకొని, అండ్ల ఊరోళ్ల పిల్లల్ని ఎక్కించుకుంటవా కొడుకా? నువ్వు ఎక్కించుకున్నా నేను ఊకోను."

నా అదృష్టమో ఆయన దురదృష్టమో, ఈ ఒక్క విషయంలో నేనూ అత్తా ఒకటే. ఆయన మా ఇద్దరి ముఖాలూ చూసి, చూద్దాం అని స్టేషనుకు పోయాడు.

ఆయన పోయాక మేము ఇద్దరం పనిలో పడ్డాం. అత్త బకెట్టు నీళ్లు పోసి, పొయ్యిలోని బూడిద తెచ్చి చల్లింది. అంట్లు తోమేటప్పుడు బూడిద పట్టు ఇస్తుంది కదా అని ఆమె లెక్క. తడి రాతి మీద బూడిద సబ్బులా అయింది, అత్త దర్వాజా పట్టుకుని వేలాడింది. నేను నవ్వాను, పొద్దుటి బాకీ తీరింది. తర్వాత ఇసుక చల్లాం. ఇసుక మీద నడిస్తే చిన్న చిన్న గోళీల మీద నడిచినట్టుంది. పాత చీరలు పరిచాం. చీరలు మాతో పాటే గేటు నుంచి గడపకు వచ్చేశాయి. బిందెలతో పోయే ఆడవాళ్లు మళ్లీ ఆగి చూస్తున్నారు, ఈసారి ముగ్గు కోసం కాదు. చివరికి నేను మిషను దగ్గర కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. దారం తెగుతూనే ఉంది. మొరం పోయించుకుని ఉంటే అయిపోయేది అని బావ గొంతు నా చెవిలో వినిపిస్తుంటే, ఆ బావ మీద కూడా కోపమొచ్చింది.

పిల్లలను దింపి ఎండ ఉండగానే మా ఆయన వచ్చాడు. ఆటో గేటు అవతలే ఆపాడు. టైరు విప్పే ఇనుప రాడ్డు పట్టుకుని లోపలికి వచ్చి, గేటు దగ్గరి బండ సందులో రాడ్డు పెట్టి పైకి లేపాడు. సందుల్లో సిమెంటు పడలేదు కాబట్టి బండ మెత్తగా లేచింది. (మేస్త్రి రాకపోవడం వల్ల మేలు జరిగింది నాకు తెలిసి ఆ ఒక్కసారే.) దాన్ని తిరగేసి గరుకు దిక్కు పైకి పెట్టి, బకెట్లో మిగిలిన సాన్పి నీళ్లు దాని మీద పోసి, చెప్పులు విడిచి ఎక్కి నిలబడ్డాడు. ఊగాడు. ఎగిరాడు కూడా. కాలు జారలేదు. అప్పుడు నా వైపు చూసి, పెదవుల చివర్న చిన్న నవ్వు పెట్టి అన్నాడు.

"జరీ లోపలికి వెట్టిన. జర జూడు."

ఆ మనిషి పెళ్లయినప్పటి నుంచీ దాచుకున్న మాటలన్నీ ఆ ఒక్క మాటలో వచ్చేశాయి. అత్త పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఎంత దూరం పోయి ఏరుకొచ్చాను, ఒక్కొక్క ముక్కనూ కొంగుతో తుడిచి చూసి. అట్లాంటిదాన్ని బోర్లా వేసి తొక్కుతారా? నేను బేరానికి దిగాను. చక్రాలు పోయే చోట మాత్రమే తిప్పు, మిగతాది అట్లనే ఉంచు అన్నాను. సరే అని ఆయన వేలితో గీత గీసి చూపించాడు, వెనక చక్రం ఇక్కడ, ఇంకో వెనక చక్రం అక్కడ, ముందు చక్రం నడుమ. మూడు వరసలు తిప్పితే నాకు మిగిలేది రెండు పేలికలు. జీపో కారో ఉండి ఉంటే నడుమంతా నాదే అయ్యేది, ఆటోకు మూడు చక్రాలు పెట్టినవాణ్ణి మనసులో తిట్టుకున్నాను. అయినా ఊరుకోలేదు. ముందు చక్రం బండిని లాగదు కదా, వెనకవే కదా నెట్టేది, ముందుది ఊరికే దొర్లుతుంది, దానికి గరుకెందుకు అని వాదించాను. డ్రైవింగు రాని మనిషికి ఇంత తెలివి ఎక్కడిది అని నా మీద నాకే గర్వమేసింది. ఆయన రాడ్డు నేలకు ఆనించి, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"ఎక్కేటప్పుడు అది దొర్లేదే. దిగేటప్పుడు తొవ్వ పట్టుకునేది గూడ అదే. అది జారితే బండి మన గడపల కాదు, గోడల ఉంటది. పిల్లలు ఉంటే?"

పిల్లలు ఉంటే అన్నాక, నేను కొంగు చెక్కి బండకు అవతలి కొన పట్టుకున్నాను. చీకటి పడేలోపు ఆయన లేపుతూ, నేను తిరగేస్తూ, అత్త ఏది ఎక్కడ పెట్టాలో తప్పు తప్పుగా చెప్తూ, ఎక్కుడంతా తిప్పేశాం. గడప ముందు చదునుగా ఉన్న జాగా మాత్రం, బండి నిలబడే చోటు కాకుండా పక్కకు, ఒక చాపంత మేర మెరుపు పైకే ఉంచాడు. నేను అడగలేదు. ఆయనే ఉంచాడు. తిరగేసిన ప్రతి బండ నున్నటి మొహం మట్టిలోకి పోతుంటే నేను చూడలేక పక్కకు తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే ఎవరినో పాతిపెట్టినట్టు ముఖం పెట్టాను. అవి ఉత్త రాళ్లే.

మరునాడు పొద్దున సాన్పి కలిపాను. చిక్కగానే చల్లాను, పలుచగా చల్లితే ఓడినట్టు కదా. గరుకు రాయి ఆ నీళ్లను పీల్చుకుని నల్లగా నిలబడింది. ముగ్గు వేస్తే ఎక్కడ పెట్టిన పొడి అక్కడే కూర్చుంది. నున్నటి రాతి మీద అయితే గాలి వీస్తే ముగ్గు సగం సేటు దుకాణంలోకి పోయేది. ఆ సంగతి అన్ని రోజులూ చూస్తూ కూడా నేను ఎవరికీ చెప్పలేదు, నాకు నేను కూడా చెప్పుకోలేదు. అత్త వంగి చూసి, మట్టి లెక్కనే ఉంది అని తలూపింది. ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు రాదు. మా ఆయన ఎక్కి కూర్చున్నాడు. సేటు దుకాణం ముందు నిలబడ్డాడు, ఈసారి పాత లుంగీ కట్టుకుని. పాలాయన సైకిలుకు స్టాండు వేసి సిద్ధంగా ఉన్నాడు. అత్త గడప మీద దేవుణ్ణి మొక్కుతోంది. ఆటో కదిలింది. ఎక్కింది. ఎక్కుతూ ఉంది. గేటు దాటింది. ఎవరి సాయమూ లేకుండా, ఒక్క మాట కూడా అనకుండా, దాని డ్రైవరులాగే. సేటు, పాలాయన కొంచెం నిరాశగానే పోయారు.

నా ముగ్గు మీంచి మూడు చక్రాల గుర్తులు పోయాయి. నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడి, టీచరమ్మ ఏమంటుందో అని సాయంత్రం దాకా మిషను తొక్కలేకపోయాను. ఆయన వచ్చి, పిల్లలను ఎక్కించింది అన్నాడు. ఇంకేమన్నది అంటే, ఏమనలేదు, గడియారం చూసుకుంది, ఎక్కించింది అన్నాడు. ఇంకా నేను ఆయన వెంటే తిరుగుతుంటే కాళ్లు కడుక్కుంటూ అప్పుడు చెప్పాడు. ఆమె గేటు మూయబోతూ ఆగి రోడ్డును చూసిందట. మా ఇంటి నుంచి ఆమె గేటు దాకా మూడు తెల్లటి గీతలు, మొదట చిక్కగా, పోను పోను చుక్కలు చుక్కలుగా. టైర్లకు అంటుకున్న తడి ముగ్గు. అది చూసి ఆమె నవ్విందట.

"మీ ఇంటామె ముగ్గు మా ఇంటిదాక వచ్చింది అన్నా."

ఆ మాట విని నేను సంబరపడలేదు. మూతి ముడుచుకుని, నా ముగ్గును తొక్కుకుంటూ పోవడమే కాక ఊరంతా తిప్పుతావా అని ఆయనను కసిరాను. ఆయన కాళ్లు తుడుచుకుని లోపలికి పోయాడు. ఆ పిల్లలు బడి మారేదాకా మా ఆటోలోనే పోయారు, వాళ్ల వెనక వేరే పిల్లలు వచ్చారు, ఆయన మోకాళ్లు ఒప్పుకున్నంత కాలం మా బియ్యం, పప్పు అట్లా నడిచాయి. నేను రోజూ ముగ్గు వేశాను, ఆయన రోజూ దాని మీంచి పోయాడు. ఇప్పుడు ఆటో లేదు. ముగ్గు సాయంత్రం దాకా చెక్కు చెదరకుండా ఉంటుంది. పేడనీళ్ల మధ్య కూర్చుని, ఊరంతా నా వాకిలినే చూడాలని పట్టుబట్టిన ఆ పిల్ల అప్పుడప్పుడు గుర్తుకొస్తుంది. ఏమే, నీ ముగ్గు గల్లీ మలుపు దాకా పోయింది, ఒక మనిషి నిలబడి చూసి నవ్వింది, ఇంకేం కావాలె నీకు అని అడగాలనిపిస్తుంది. అడిగితే ఊరుకునే రకమా, నన్ను కూడా కసురుతుంది.